పాఠం 24: కాంతి తరంగమా, కణమా?

24.1 ఉపోద్ఘాతం

వెల్డింగ్ షాపు ముందు నిలబడి ఆ మెరుపును నల్ల అద్దం లేకుండా కాసేపు చూసినవారికి రాత్రికల్లా కళ్ళలో ఇసుక పోసినట్లు మంట మొదలవుతుంది. నీళ్ళు కారుతాయి, రెప్పలు తెరవడం కష్టమవుతుంది. ఇటుకబట్టీ దగ్గర రోజంతా పనిచేసేవారి సంగతి చూడండి. ఒళ్ళంతా వేడెక్కుతుంది, చెమటలు పడతాయి, కానీ ఈ రకమైన కళ్ళమంట రాదు. బట్టీ నుంచి శరీరానికి చేరే శక్తి తక్కువేమీ కాదు. మరి తేడా ఎక్కడుంది?

శక్తి మొత్తం ఎంత చేరిందన్న దానితో పాటు, అది ఎంతెంత ముక్కలుగా చేరిందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. ఈ ఒక్క విషయం తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలకు దాదాపు 40 సంవత్సరాలు పట్టింది. ఆ కథే ఈ పాఠం.

కాంతి తరంగ రూపంలో ప్రయాణిస్తుందని, వ్యతికరణం, వివర్తనం దానికి రుజువులని మీరు ఇంతకుముందు పాఠాలలో చదివారు. ఆ విషయాలను మరచిపోనవసరం లేదు. అవి ఇప్పటికీ నిజమే. అందుకే ఈ పాఠం కొంచెం ఇబ్బంది పెడుతుంది.

ఈ పాఠం చదివిన తరువాత మీరు కాంతి విద్యుత్ ఫలితాన్ని వివరించగలుగుతారు. ఒక లోహం నుంచి ఏ కాంతి ఎలక్ట్రాన్‌లను వెలువరించగలదో లెక్క కట్టగలుగుతారు. వర్ణపటంలో గీతలు ఎందుకు వస్తాయో చెప్పగలుగుతారు. ద్వంద్వ స్వభావం అనే మాటకు అర్థం ఏమిటో, ఏది కాదో గుర్తించగలుగుతారు. పక్కన ఒక కాగితం, పెన్సిలు పెట్టుకుని చదవండి.

24.2 కాంతి విద్యుత్ ఫలితం

1887లో జర్మనీలో హైన్‌రిఖ్ హెర్ట్జ్ అనే శాస్త్రవేత్త విద్యుదయస్కాంత తరంగాలను పుట్టించి, వాటిని దూరంగా ఉన్న మరో పరికరంతో పట్టుకునే ప్రయోగాలు చేస్తున్నాడు. తరంగం అందినప్పుడు ఆ పరికరంలోని రెండు లోహపు మొనల మధ్య చిన్న నిప్పురవ్వ ఎగిరేది. రవ్వ చాలా చిన్నది కాబట్టి స్పష్టంగా కనబడాలని ఆయన దానిని చీకటి పెట్టెలో ఉంచాడు. ఆశ్చర్యం! రవ్వ మరింత చిన్నదైపోయింది. అడ్డంగా గాజుపలక పెట్టినా అంతే. కానీ గాజుకు బదులు క్వార్ట్జ్ పలక పెడితే రవ్వ మళ్ళీ పొడుగైంది. అతినీలలోహిత కాంతిని గాజు ఆపుతుంది, క్వార్ట్జ్ ఆపదు. అంటే అతినీలలోహిత కాంతి లోహంపై పడడం వల్ల రవ్వ సులువుగా ఎగురుతున్నదన్నమాట.

కాంతి తరంగమేనని లోకాన్ని ఒప్పించిన ప్రయోగాలు ఇవే. ఆ భావనను కదిలించే మొదటి ఆనవాలు కూడా ఇదే పరికరంలో కనబడడం విచిత్రం.

మరుసటి సంవత్సరం హాల్‌వాక్స్ ఋణావేశం ఉన్న జింకు పలకపై అతినీలలోహిత కాంతి పడితే ఆ ఆవేశం పోతుందని చూపాడు. 1899 నాటికి జె. జె. థామ్సన్, లోహం నుంచి బయటికి వస్తున్నవి ఎలక్ట్రాన్‌లేనని తేల్చాడు. తగిన కాంతి పడినప్పుడు లోహపు ఉపరితలం నుంచి ఎలక్ట్రాన్‌లు వెలువడడాన్ని కాంతి విద్యుత్ ఫలితం అంటారు.

ఇంతవరకు ఇబ్బంది ఏమీ లేదు. తరంగం ఒడ్డున ఉన్న గులకరాళ్ళను కదిలించినట్లే కాంతి తరంగం ఎలక్ట్రాన్‌లను కదిలించి బయటికి తోసిందని అనుకోవచ్చు. అలా అనుకుంటే ఏమేమి జరగాలో ముందుగా ఆలోచిద్దాం. దీపం ప్రకాశం పెంచితే తరంగం బలపడుతుంది, కాబట్టి ఎలక్ట్రాన్‌లు మరింత వేగంగా రావాలి. కాంతి ఏ రంగుదైనా సరే, తగినంత ప్రకాశంగా ఉంటే చాలు, ఎలక్ట్రాన్‌లు రావాలి. కాంతి చాలా మసకగా ఉంటే ఎలక్ట్రాన్ కొద్దికొద్దిగా శక్తిని కూడబెట్టుకోవాలి, కాబట్టి నిమిషాలో గంటలో ఆలస్యం కావాలి.

ఈ మూడింటిలో ఒక్కటి కూడా జరగలేదు.

1902లో లెనార్డ్ చేసిన ప్రయోగాలలో, దీపాన్ని ఎంత ప్రకాశవంతం చేసినా ఎలక్ట్రాన్‌ల గరిష్ఠ శక్తి మారలేదు. వాటి సంఖ్య మాత్రమే పెరిగింది. రంగు మారితే మాత్రం శక్తి మారింది. ప్రతి లోహానికీ ఒక కనీస పౌనఃపున్యం ఉంది. అంతకంటె తక్కువ పౌనఃపున్యం గల కాంతిని ఎంతసేపు, ఎంత తీవ్రంగా ప్రసరింపజేసినా ఒక్క ఎలక్ట్రాన్ కూడా రాదు. దీనిని ఆ లోహం ఆరంభ పౌనఃపున్యం అంటారు. ఇక ఆలస్యం సంగతి: ఆరంభ పౌనఃపున్యం దాటిన కాంతి ఎంత మసకగా ఉన్నా, ఎలక్ట్రాన్‌లు సెకనులో 100 కోట్లవ వంతు కూడా గడవకముందే రావడం మొదలవుతుందని తరువాతి కొలతలు తెలిపాయి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. చాలామంది అభ్యాసకులు ఈ మూడు ఫలితాలను బట్టీ పట్టి పరీక్షలో రాసేస్తారు. మార్కులు వస్తాయి, నిజమే. కానీ వాటిలో ఉన్న వింత తెలియాలంటే పై పేరాను, అంతకు ముందున్న పేరాను పక్కపక్కన పెట్టుకుని మరోసారి చదవండి.

24.3 ఐన్‌స్టీన్ వివరణ

వేడెక్కిన వస్తువుల నుంచి వెలువడే వికిరణాన్ని వివరించడానికి 1900 డిసెంబరులో మాక్స్ ప్లాంక్ ఒక కొత్త ఊహ చేశాడు. వస్తువు శక్తిని ఎడతెగని ధారగా ఇవ్వదనీ, విడివిడి మోతాదులుగా ఇస్తుందనీ ఆయన లెక్కలో తేలింది. ఈ మోతాదును క్వాంటం అన్నారు. 1905లో ఐన్‌స్టీన్ ఇంకో అడుగు వేశాడు. ఇవ్వడంలోనే కాదు, ప్రయాణంలోనూ, శోషణలోనూ కాంతిశక్తి ఈ మోతాదులుగానే ఉంటుందన్నాడు. తరువాతి కాలంలో ఈ కాంతి మోతాదుకు ఫోటాన్ అనే పేరు వచ్చింది.

ఫోటాన్ శక్తి = ప్లాంక్ స్థిరాంకం × పౌనఃపున్యం

ప్లాంక్ స్థిరాంకం విలువ 6.63 × 10⁻³⁴ జౌల్ సెకను. ఇది ఎంత చిన్న సంఖ్యో చూడండి. 650 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల ఎర్రకాంతి 1 వాట్ చొప్పున వెలువడుతుంటే, అందులో సెకనుకు సుమారు 3.3 × 10¹⁸ ఫోటాన్‌లు ఉంటాయి. బియ్యం బస్తా దూరం నుంచి ఒకే తెల్లని ముద్దలా కనబడినట్లు, ఇన్ని ఫోటాన్‌లు కలిసి వస్తే మనకు ఎడతెగని ధారలా అనిపించడంలో వింత లేదు.

ఇంత చిన్న శక్తులను జౌళ్ళలో రాయడం కష్టం కనుక ఎలక్ట్రాన్ వోల్ట్ అనే ప్రమాణాన్ని వాడతారు. ఒక ఎలక్ట్రాన్ వోల్ట్ 1.6 × 10⁻¹⁹ జౌళ్ళకు సమానం. లెక్కలకు పనికివచ్చే సూత్రం ఇది:

ఫోటాన్ శక్తి (ఎలక్ట్రాన్ వోల్టులలో) = 1240 ÷ తరంగదైర్ఘ్యం (నానోమీటర్లలో)

ఈ ఒక్క సూత్రం గుర్తుంచుకోండి. పాఠం చివరిదాకా ఇదే మనల్ని నడిపిస్తుంది.

ఇప్పుడు లోహం సంగతి. లోహంలోని ఎలక్ట్రాన్ ఉపరితలం దాటి బయటికి రావాలంటే కొంత కనీస శక్తి కావాలి. దీనిని ఆ లోహం పని ప్రమేయం అంటారు. సోడియంకు ఇది సుమారు 2.3, జింకుకు 4.3, సీజియంకు 2.1 ఎలక్ట్రాన్ వోల్టులు. ఒక ఫోటాన్ తన శక్తి మొత్తాన్ని ఒకే ఎలక్ట్రాన్‌కు ఇస్తుంది. అందులో పని ప్రమేయం అంత ఖర్చయిపోతే మిగిలినది ఎలక్ట్రాన్ గతిజశక్తిగా కనిపిస్తుంది.

ఎలక్ట్రాన్ గరిష్ఠ గతిజశక్తి = ఫోటాన్ శక్తి − పని ప్రమేయం

ఒకప్పుడు రైల్వే స్టేషన్లలో రంగురంగుల బల్బులతో బరువు తూచే యంత్రాలు ఉండేవి. నిర్ణీతమైన నాణెం వేస్తేనే టికెట్టు వచ్చేది. అంతకంటె చిన్న నాణేలు జేబునిండా ఉన్నా లాభం లేదు. లోహం కూడా అలాంటిదే. ఎలక్ట్రాన్ ఒకసారికి ఒక్క నాణెమే తీసుకుంటుంది. చిన్న నాణేలు ఎన్ని వేసినా అవి వేడిగా మారిపోతాయి తప్ప కూడబడవు. అయితే పోలిక ఇక్కడితో ఆగుతుంది. ఆ యంత్రం చిల్లర తిరిగి ఇచ్చేది కాదు. లోహం విషయంలో మిగిలిన చిల్లర ఎలక్ట్రాన్‌కే దక్కుతుంది, వేగం రూపంలో. (చాలా శక్తిమంతమైన లేజర్ కాంతిలో ఒక ఎలక్ట్రాన్ ఒకేసారి రెండు మూడు ఫోటాన్‌లను తీసుకోవడం కూడా సాధ్యమే. మామూలు దీపాలతో అది జరగదనుకోవచ్చు. మీ స్థాయికి దానిని పట్టించుకోనక్కరలేదు.)

ఉదాహరణ: సోడియం ఉపరితలంపై 650 నానోమీటర్ల ఎర్రకాంతి, తరువాత 450 నానోమీటర్ల నీలికాంతి పడ్డాయి. ఏం జరుగుతుంది?

ఎర్రకాంతి ఫోటాన్ శక్తి 1240 ÷ 650 = 1.91 ఎలక్ట్రాన్ వోల్టులు. ఇది 2.3 కంటె తక్కువ. కాబట్టి ఎలక్ట్రాన్‌లు రావు. వెయ్యి దీపాలు పెట్టినా రావు. నీలికాంతి ఫోటాన్ శక్తి 1240 ÷ 450 = 2.76 ఎలక్ట్రాన్ వోల్టులు. ఎలక్ట్రాన్‌లు వస్తాయి, వాటి గరిష్ఠ గతిజశక్తి 2.76 − 2.3 = 0.46 ఎలక్ట్రాన్ వోల్టులు. వాటిని ఆపడానికి ఎదురుగా ఉన్న పలకకు 0.46 వోల్టుల ఋణ పొటెన్షియల్ ఇస్తే చాలు. దీనిని నిరోధక పొటెన్షియల్ అంటారు. ఎలక్ట్రాన్ వేగాన్ని నేరుగా కొలవనక్కరలేకుండా దాని శక్తిని తెలుసుకునే సులువైన మార్గం ఇది.

మన ఇటుకబట్టీ ప్రశ్నకు ఇప్పుడు జవాబు దొరికింది. బట్టీ నుంచి వచ్చేది ఎక్కువగా పరారుణ వికిరణం. వాటి ఫోటాన్‌లు చిన్న నాణేలు. శరీరాన్ని వేడి చేస్తాయి. వెల్డింగ్ ఆర్క్ నుంచి అతినీలలోహిత ఫోటాన్‌లు వస్తాయి. ఒక్కొక్కదానికి 4, 5 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉంటుంది. కంటి పైపొరలోని జీవకణాలలో ఉన్న అణువుల బంధాలను దెబ్బతీయడానికి ఒక్కో ఫోటాన్ శక్తి చాలు. దూరంగా నిలబడితే ఫోటాన్‌ల సంఖ్య తగ్గుతుంది, కానీ ఒక్కో ఫోటాన్ శక్తి తగ్గదు. వెల్డింగ్ పనిలో ఉన్న అభ్యాసకులు మాస్కును బరువుగా భావించి పక్కన పెట్టకూడదు. పక్కన నిలబడి చూసే పిల్లలను కూడా దూరంగా పంపించాలి.

24.4 నమ్మని మనిషి చేసిన రుజువు

ఐన్‌స్టీన్ మాటను అప్పట్లో ఎవరూ సులభంగా ఒప్పుకోలేదు. 1913లో ఆయనను ప్రష్యన్ అకాడమీకి సిఫారసు చేస్తూ రాసిన లేఖలో ప్లాంక్, ఆయన సహచరులు, ఈ కాంతి క్వాంటం ఊహలో ఆయన గురి తప్పి ఉండవచ్చు కానీ అందుకు తప్పు పట్టకూడదని రాశారు. క్వాంటంను మొదట తెచ్చిన ప్లాంకే ఈ మాట అన్నాడు!

అమెరికాలో షికాగోలో రాబర్ట్ మిల్లికన్ కూడా దీనిని నమ్మలేదు. సమీకరణాన్ని ఖచ్చితంగా పరీక్షిస్తే దాని సంగతి తేలిపోతుందని భావించి దాదాపు 10 సంవత్సరాలు శ్రమించాడు. లోహపు ఉపరితలంపై గాలి తగిలితే పొర ఏర్పడి కొలతలు చెడిపోతాయి. అందువల్ల శూన్యం చేసిన గాజుపాత్ర లోపలే చిన్న కత్తిని అమర్చి, బయటినుంచి దానిని తిప్పుతూ, సోడియం, పొటాషియం, లిథియం ముక్కల పైపొరను అక్కడికక్కడే చెక్కేవాడు. వేర్వేరు రంగుల కాంతికి నిరోధక పొటెన్షియల్‌ను కొలిచి గ్రాఫు గీశాడు. సరళరేఖ వచ్చింది. దాని వాలు నుంచి ప్లాంక్ స్థిరాంకాన్ని లెక్కిస్తే 6.57 × 10⁻³⁴ వచ్చింది. నేటి విలువకు నూటికి ఒక వంతు కూడా తేడా లేదు.

1916లో ఈ ఫలితాలను ప్రచురించినప్పుడు కూడా, సమీకరణం సరిపోయింది కానీ దాని వెనుక ఉన్న ఊహ నిలబడదనే మిల్లికన్ రాశాడు. తన అభిప్రాయానికి వ్యతిరేకంగా వచ్చిన కొలతలను మాత్రం దాచలేదు, దిద్దలేదు. ఈ పాఠంలో వేరే ఏది మరచిపోయినా ఈ పేరాను గుర్తుంచుకోమని మా సలహా. ఐన్‌స్టీన్‌కు 1921 సంవత్సరపు నోబెల్ బహుమతి లభించినప్పుడు ప్రత్యేకంగా పేర్కొన్నది కాంతి విద్యుత్ ఫలిత నియమాన్నే. మిల్లికన్‌కు 1923లో ఆ బహుమతి వచ్చింది.

అదే ప్లాంక్ స్థిరాంకంతో మీకు ప్రతిరోజూ సంబంధం ఉంది. 2019 మే 20 నుంచి కిలోగ్రాము నిర్వచనం ఈ స్థిరాంకంపైనే ఆధారపడి ఉంది. అంగట్లో తూచే కిలో కందిపప్పు వెనుక కూడా అది ఉందన్నమాట.

ఉపయోగాలు: సినిమా ఫిల్ము అంచున ధ్వనిని నలుపు తెలుపు చారగా ముద్రించేవారు. ప్రొజెక్టర్‌లో ఒక దీపపు కాంతి ఆ చార గుండా పోయి ఫోటోసెల్‌పై పడేది. చారను బట్టి కాంతి తగ్గుతూ పెరుగుతూ ఉంటే విద్యుత్ ప్రవాహం కూడా అలాగే మారి లౌడ్‌స్పీకర్‌లో పాటగా వినిపించేది. డిజిటల్ ప్రొజెక్టర్లు వచ్చేవరకు ఎన్నో దశాబ్దాలు టాకీలలో పాటలు ఇలాగే పలికాయి. సౌరఫలకం దీనికి దగ్గరి బంధువు. అయితే అందులో ఎలక్ట్రాన్ పదార్థం నుంచి బయటికి రాదు, సిలికాన్ లోపలే బంధం నుంచి విడివడి కదులుతుంది. అందుకు సుమారు 1.1 ఎలక్ట్రాన్ వోల్టులు చాలు. కనుకనే ఎర్రకాంతి కూడా అందులో విద్యుత్తును పుట్టిస్తుంది.

పాఠగత ప్రశ్నలు 24.1

1. 400 నానోమీటర్ల ఊదా కాంతి జింకు పలకపై పడితే ఎలక్ట్రాన్‌లు వెలువడతాయా?
2. సోడియంపై పడే నీలికాంతి తీవ్రతను రెట్టింపు చేస్తే ఏది మారుతుంది, ఏది మారదు?

24.5 పరమాణు శక్తి స్థాయిలు

పొయ్యి మీద పప్పు పొంగి ఉప్పునీళ్ళు మంటపై పడినప్పుడు నీలిమంట ఒక్కసారిగా పసుపుపచ్చగా మారడం మీరు చూసే ఉంటారు. ఉప్పులో ఉన్న సోడియం వల్ల ఆ రంగు వస్తుంది. పట్టకం గుండా చూస్తే ఆ పసుపు రంగు విశాలమైన పట్టీగా ఉండదు, 589.0, 589.6 నానోమీటర్ల వద్ద పక్కపక్కనే ఉన్న రెండు సన్నని గీతలుగా కనబడుతుంది. సోడియం వీధి దీపాలలోనూ ఈ గీతలే ముఖ్యమైనవి. ప్రతి మూలకానికీ తనవైన గీతలు ఉంటాయి. వేలిముద్రల వంటివన్నమాట.

ఈ వేలిముద్రల విలువ తెలియజేసే ఒక సంఘటన మన ప్రాంతంలోనే జరిగింది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడడానికి ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు వచ్చాడు. మద్రాసు వేధశాల నుంచి పాగ్సన్ మచిలీపట్నం చేరాడు. సూర్యుని అంచున ఎగసే జ్వాలల కాంతిని వర్ణపటదర్శినిలో చూస్తే మెరిసే గీతలు కనిపించాయి. అందులో ఒకటి పసుపు గీత. అది సోడియం గీతకు దగ్గరగా ఉంది కానీ సరిగ్గా అక్కడ లేదు. ఆ సంవత్సరం అక్టోబరులో ఇంగ్లండులో లాక్యర్ గ్రహణం లేకుండానే ఆ గీతను పరిశీలించాడు. భూమిపై తెలిసిన ఏ మూలకానికీ అది సరిపోకపోవడంతో, సూర్యుని గ్రీకు పేరు మీద ఆ కొత్త మూలకానికి హీలియం అని పేరు పెట్టారు. భూమిపై అది 1895లో గాని రాంసే చేతికి చిక్కలేదు. ఆ గీత తరంగదైర్ఘ్యం 587.6 నానోమీటర్లు. సోడియం గీతకు, దానికి తేడా రెండు నానోమీటర్లలోపే!

అయితే గీతలే ఎందుకు రావాలి? పరమాణువు ఏ రంగు కాంతినైనా ఎందుకు ఇవ్వదు? ఈ ప్రశ్నకు 1913లో డెన్మార్కుకు చెందిన నీల్స్ బోర్ జవాబు చెప్పాడు. పరమాణువులో ఎలక్ట్రాన్ ఏ శక్తితోనైనా ఉండలేదు. కొన్ని నిర్ణీత శక్తి స్థాయిలలో మాత్రమే ఉండగలదు. పై స్థాయి నుంచి కింది స్థాయికి దిగినప్పుడు ఆ రెండింటి తేడా ఒకే ఫోటాన్‌గా బయటికి వస్తుంది.

మీ కాగితంపై ఒక నిచ్చెన గీయండి. హైడ్రోజన్ పరమాణువు శక్తి స్థాయిలు ఇవి: అడుగు మెట్టు −13.6, రెండవది −3.4, మూడవది −1.51, నాలుగవది −0.85 ఎలక్ట్రాన్ వోల్టులు. మెట్ల మధ్య దూరాలు సమానంగా ఉండవు, పైకి పోయేకొద్దీ దగ్గరవుతాయి. అందుకని కొలత ప్రకారం గీస్తే మంచిది. అడుగు మెట్టును భూస్థాయి అని, పై వాటిని ఉత్తేజిత స్థాయిలని అంటారు. ఋణ గుర్తు ఎందుకని మీకు అనుమానం రావచ్చు. కేంద్రకం నుంచి పూర్తిగా విడిపోయిన ఎలక్ట్రాన్ శక్తిని సున్న అనుకుంటే, బంధించబడి ఉన్న ఎలక్ట్రాన్ అప్పులో ఉన్నట్లే. భూస్థాయిలోని ఎలక్ట్రాన్ అప్పు 13.6. అంత చెల్లిస్తేనే విడుదల. దానినే అయనీకరణ శక్తి అంటారు.

ఇప్పుడు ఎలక్ట్రాన్ మూడవ మెట్టు నుంచి రెండవ మెట్టుకు దిగిందనుకోండి. తేడా 3.4 − 1.51 = 1.89 ఎలక్ట్రాన్ వోల్టులు. తరంగదైర్ఘ్యం 1240 ÷ 1.89 = 656 నానోమీటర్లు. ఇది ఎరుపు రంగు. హైడ్రోజన్ నింపిన నాళంలో విద్యుత్తు ప్రవహించినప్పుడు సరిగ్గా ఈ ఎర్రగీతే కనబడుతుంది. లోహం నుంచి ఎలక్ట్రాన్‌ను లాగిన సూత్రమే ఇక్కడా పనిచేసిందని గమనించండి.

మెట్లు నిజంగా ఉన్నాయని కాంతితో సంబంధం లేకుండా చూపించగలమా? 1914లో ఫ్రాంక్, హెర్ట్జ్ అనే ఇద్దరు (ఈ హెర్ట్జ్ పేరు గుస్తావ్, మొదటి హెర్ట్జ్‌కు అన్న కొడుకో తమ్ముని కొడుకో వరుస) పాదరసపు ఆవిరి గుండా ఎలక్ట్రాన్‌లను పంపారు. ఎలక్ట్రాన్‌ల శక్తి 4.9 ఎలక్ట్రాన్ వోల్టులు చేరేవరకు అవి పాదరస పరమాణువులను ఢీకొని దాదాపు శక్తి కోల్పోకుండా ముందుకు సాగాయి. 4.9 చేరగానే శక్తినంతా పోగొట్టుకున్నాయి. అప్పుడు ఆవిరి నుంచి 254 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి వచ్చింది. 1240ని 4.9తో భాగించి చూడండి.

ఈ 254 నానోమీటర్ల కాంతి మన ఇళ్ళలో వెలిగిన ట్యూబులైటు లోపల కూడా పుడుతుంది. నాళం లోపలి గోడకు పూసిన తెల్లటి పొడి ఆ ఫోటాన్‌లను మింగి చిన్న శక్తి గల, కంటికి కనిపించే ఫోటాన్‌లను ఇస్తుంది.

చేసి చూడండి: పాత సి.డి. ఒకటి తీసుకుని, రాత్రిపూట ట్యూబులైటు ప్రతిబింబం అంచున కనబడే రంగులను చూడండి. తరువాత మామూలు ఫిలమెంటు బల్బుతో చూడండి. మొదటిదానిలో కొన్ని రంగులు విడివిడి పట్టీలుగా ఉంటాయి. రెండవదానిలో రంగులు ఎడతెగకుండా కలిసిపోతాయి. సూర్యుని కాంతితో మాత్రం ఈ ప్రయోగం చేయవద్దు.

పాఠగత ప్రశ్నలు 24.2

1. హైడ్రోజన్‌లో ఎలక్ట్రాన్ నాలుగవ స్థాయి నుంచి రెండవ స్థాయికి దిగితే వెలువడే కాంతి తరంగదైర్ఘ్యం ఎంత?
2. భూస్థాయిలో ఉన్న హైడ్రోజన్ పరమాణువు 11 ఎలక్ట్రాన్ వోల్టుల ఫోటాన్‌ను శోషించగలదా?

24.6 ద్వంద్వ స్వభావం

1923లో కాంప్టన్ ఎక్స్ కిరణాలు ఎలక్ట్రాన్‌లను ఢీకొన్నప్పుడు వాటి తరంగదైర్ఘ్యం పెరుగుతుందని చూపాడు. క్యారమ్ బోర్డుపై స్ట్రైకర్ కాయను కొట్టి, తన వేగంలో కొంత దానికి ఇచ్చి పక్కకు మళ్ళినట్లు, ఫోటాన్ తన శక్తిలో, ద్రవ్యవేగంలో కొంత ఎలక్ట్రాన్‌కు ఇచ్చి మళ్ళుతుంది. దీనితో ఫోటాన్ గురించిన సందేహాలు చాలామందికి తీరాయి. మరుసటి సంవత్సరం ఢాకా విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న సత్యేంద్రనాథ్ బోస్, కాంతిని ఒకదానినుంచి మరొకదానిని వేరుగా గుర్తించలేని ఫోటాన్‌ల సమూహంగా లెక్కించి ప్లాంక్ నియమాన్ని రాబట్టాడు. ఆ వ్యాసాన్ని ఐన్‌స్టీన్ స్వయంగా జర్మన్‌లోకి అనువదించి ప్రచురింపజేశాడు. 1931లో సి. వి. రామన్‌తో కలిసి ఫోటాన్ స్పిన్‌కు ప్రయోగపూర్వక నిదర్శనం ఇచ్చిన సూరి భగవంతం మన తెలుగువాడే.

మరి వ్యతికరణం మాటేమిటి? కణాలైతే రెండు చీలికల గుండా వెళ్ళి వెలుగు చారలు, చీకటి చారలు ఎలా ఏర్పరుస్తాయి? ఫోటాన్‌లు గుంపుగా వెళ్తూ ఒకదానికొకటి తగలడం వల్ల అనుకుందామా? ఆ దారి కూడా మూసుకుపోయింది. 1909లోనే జి. ఐ. టేలర్ కాంతిని అతి మసకగా చేసి, ఒక సూది నీడను ఫోటో తీశాడు. ఒక ఫోటోకు సుమారు 2000 గంటలు పట్టింది. పరికరంలో ఒకసారికి ఒక ఫోటాన్ కంటె ఎక్కువ ఉండే అవకాశం దాదాపు లేదు. అయినా చారలు అంతే స్పష్టంగా వచ్చాయి.

1924లో లూయీ ద బ్రోలీ తన పరిశోధన గ్రంథంలో ప్రశ్నను తిరగవేశాడు. తరంగమనుకున్న కాంతికి కణ స్వభావం ఉంటే, కణమనుకున్న ఎలక్ట్రాన్‌కు తరంగ స్వభావం ఎందుకు ఉండకూడదు?

తరంగదైర్ఘ్యం = ప్లాంక్ స్థిరాంకం ÷ ద్రవ్యవేగం

1927లో అమెరికాలో డేవిసన్, జెర్మర్ 54 వోల్టులతో త్వరణం చెందిన ఎలక్ట్రాన్‌లను నికెల్ స్ఫటికంపై పంపారు. పై సూత్రం ప్రకారం వాటి తరంగదైర్ఘ్యం 0.167 నానోమీటర్లు. వివర్తనాన్ని బట్టి కొలిస్తే వచ్చినది 0.165. అదే సంవత్సరం జి. పి. థామ్సన్ పలుచని రేకుల గుండా ఎలక్ట్రాన్‌లను పంపి వివర్తన వలయాలు చూపాడు. ఎలక్ట్రాన్ కణమని చెప్పినందుకు తండ్రి జె. జె. థామ్సన్ ప్రసిద్ధుడు, తరంగమని చూపినందుకు కొడుకు. ఇద్దరిలో ఎవరూ తప్పు కాదు.

క్రికెట్ బంతి మాత్రం ఎందుకు వివర్తనం చెందదు? 160 గ్రాముల బంతి సెకనుకు 30 మీటర్ల వేగంతో వెళ్తే దాని తరంగదైర్ఘ్యం 1.4 × 10⁻³⁴ మీటర్లు. పరమాణు కేంద్రకం పరిమాణం 10⁻¹⁵ మీటర్ల స్థాయిలో ఉంటుంది. ఇంత చిన్న తరంగాన్ని చూపించగల చీలిక ఎక్కడా లేదు.

ఎలక్ట్రాన్ తరంగమైతే బోర్ మెట్లకు కూడా కొంత అర్థం దొరుకుతుంది. వీణ తీగ రెండు కొసలా బిగించి ఉంటుంది కాబట్టి కొన్ని స్వరాలనే పలుకుతుంది. పరమాణువులో బంధింపబడిన ఎలక్ట్రాన్ తరంగం కూడా కొన్ని రూపాలలోనే నిలవగలదు. ఒక్కో రూపానికి ఒక్కో శక్తి. సూర్యుని చుట్టూ గ్రహంలా ఎలక్ట్రాన్ తిరుగుతుందని గీసే బొమ్మ గుర్తుంచుకోవడానికి పనికివస్తుంది కానీ, అది నిజమైన చిత్రం కాదు.

1989లో జపానులో టొనొమురా బృందం ఎలక్ట్రాన్‌లను ఒక్కొక్కటిగా పంపుతూ తెరపై ఏర్పడే చుక్కలను నమోదు చేసింది. మొదట పది చుక్కలు, తరువాత వంద. ముగ్గుపిండి చల్లినట్లు ఎటుపడితే అటు పడ్డాయి. వేలసంఖ్యలో చేరేసరికి చారలు స్పష్టంగా కనబడ్డాయి. తెరకు తగిలినప్పుడు ప్రతిసారీ ఒకే చుక్క, అది కణ స్వభావం. చుక్క ఎక్కడ పడే అవకాశం ఎక్కువో నిర్ణయించేది తరంగం. ఫోటాన్‌కైనా ఎలక్ట్రాన్‌కైనా ఇదే వర్తిస్తుంది.

"కొన్నిసార్లు కణం, కొన్నిసార్లు తరంగం" అని రాస్తే సరిపోతుందా అని కొందరు అడుగుతారు. అలా రాస్తే అది వేషాలు మార్చుకుంటున్నదన్న భ్రమ కలుగుతుంది. కణం అంటే మనకు గోళీ గుర్తొస్తుంది, తరంగం అంటే చెరువు గుర్తొస్తుంది. ఈ రెండు మాటలనూ మనం కంటికి కనబడే వస్తువుల నుంచి తెచ్చుకున్నాం. ఎలక్ట్రాన్ గోళీ కాదు, చెరువూ కాదు. దాని ప్రవర్తనను లెక్కకట్టే పద్ధతి మన దగ్గర ఉంది. దానికి సరిపోయే ఒకే మాట మాత్రం మన వాడుకలో లేదు.

పాఠగత ప్రశ్నలు 24.3

1. ఒకే వేగంతో వెళ్తున్న ఎలక్ట్రాన్, ప్రోటాన్‌లలో దేని తరంగదైర్ఘ్యం ఎక్కువ?
2. టేలర్ ప్రయోగంలో కాంతిని అంత మసకగా చేయవలసిన అవసరం ఏమిటి?

24.7 పాఠాంత ప్రశ్నలు

1. కాంతి విద్యుత్ ఫలితంలో తరంగ సిద్ధాంతం వివరించలేని మూడు పరిశీలనలను, ఫోటాన్ భావన వాటిని వివరించే తీరును మీ సొంత మాటలలో రాయండి.
2. ఒక లోహంపై 310 నానోమీటర్ల కాంతి పడినప్పుడు నిరోధక పొటెన్షియల్ 1.9 వోల్టులు. ఆ లోహం పని ప్రమేయం ఎంత? అది పైన పేర్కొన్న లోహాలలో ఏది కావచ్చు?
3. మీకు తెలిసిన వెల్డర్ ఒకరు, "దూరంగా నిలబడితే మాస్కు ఎందుకు?" అని అడిగారు. ఫోటాన్ అనే మాట వాడకుండా ఆయనకు అర్థమయ్యేలా చెప్పండి.

24.8 పాఠగత ప్రశ్నలకు జవాబులు

24.1: (1) వెలువడవు. ఫోటాన్ శక్తి 1240 ÷ 400 = 3.1 ఎలక్ట్రాన్ వోల్టులు, జింకుకు 4.3 కావాలి. (2) సెకనుకు వెలువడే ఎలక్ట్రాన్‌ల సంఖ్య రెట్టింపవుతుంది. వాటి గరిష్ఠ గతిజశక్తి, నిరోధక పొటెన్షియల్ మారవు.

24.2: (1) 3.4 − 0.85 = 2.55 ఎలక్ట్రాన్ వోల్టులు. తరంగదైర్ఘ్యం 486 నానోమీటర్లు, నీలి ఆకుపచ్చ గీత. (2) శోషించలేదు. −13.6కు 11 కలిపితే −2.6 వస్తుంది, మీ నిచ్చెనపై అక్కడ మెట్టు లేదు. 10.2 అయితే రెండవ మెట్టుకు చేరుతుంది.

24.3: (1) ఎలక్ట్రాన్‌ది. దాని ద్రవ్యరాశి తక్కువ కాబట్టి ద్రవ్యవేగం తక్కువ. (2) పరికరంలో ఒకసారికి ఒకే ఫోటాన్ ఉండేలా చూస్తే, చారలు ఫోటాన్‌లు ఒకదానికొకటి తగలడం వల్ల ఏర్పడలేదని తేలుతుంది.